గుండె కణం చావుకు సాక్షులు

న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ కొన్ని నెలల తేడాతో రెండు వ్యాసాలు అచ్చువేసింది. ఒకటి 1996లో, రెండోది 1997లో. రెండింటి ప్రశ్నా ఒకటే. గుండె పూర్తిగా చతికిలబడి మార్పిడి దాకా వచ్చిన రోగుల నుంచి తీసేసిన పాత గుండెలో కండరకణాలు ఏ పాటి సంఖ్యలో చనిపోతున్నాయి? పరీక్ష కూడా ఇంచుమించు ఒకటే, తెగిన డీఎన్‌ఏ కొసలకు రంగు పట్టించే ట్యూనెల్ అనే పద్ధతి. జవాబులు మాత్రం ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి. జగత్ నరూలా బృందానికి కొన్ని గుండెల్లో నూటికి 30కి పైగా కణకేంద్రకాలు రంగు పట్టి కనిపించాయి. ఒలివెట్టి, అన్వెర్సా బృందానికి వెయ్యికి 2 మాత్రమే కనిపించాయి.

నూటికి 30 అంటే ఏమిటో ఒక్క నిమిషం ఆలోచించండి. అపాప్టోసిస్ అని పిలిచే ఈ చావు మొదలైతే గంటల్లోనో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లోనో ముగిసిపోతుంది. ఏ క్షణాన చూసినా మూడోవంతు కణాలు ఆ దశలోనే ఉంటే ఆ గుండె వారం తిరక్కుండా కరిగిపోవాలి. కానీ ఆ రోగులు నెలలూ ఏళ్లూ ఆ గుండెతోనే నెట్టుకొచ్చినవాళ్లు. అంటే రంగు ఎక్కడో తప్పుదారి పట్టిస్తోంది. దాన్ని పట్టిచ్చినవీ, ఈ శాస్త్రాన్ని మళ్లీ దారిలో పెట్టినవీ ప్రోటీన్లు. చస్తున్న కణంలో చావును నడిపించే ప్రోటీన్లను గుండె ముక్కలో పట్టుకోవడం ఎలా సాధ్యమైందన్నదే ఈ కథ. విశేషమేమిటంటే, ఇందులో వాడే పనిముట్లలో ఒక్కటీ గుండె కోసం పుట్టలేదు.

ముందు గుండెకే ఇంత పట్టింపు ఎందుకో చెప్పాలి. చర్మం, పేగు, రక్తం పోయిన కణాలను ఎప్పటికప్పుడు భర్తీ చేసుకుంటాయి. గుండె అలా చేసుకోలేదు. అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 ఆధారంగా స్వీడన్ శాస్త్రవేత్త యోనస్ ఫ్రిసెన్ బృందం 2009లో గుండె కణాల వయసు లెక్కగట్టింది. పాతికేళ్ల మనిషిలో ఏడాదికి 1 శాతం కండరకణాలు కొత్తవి వస్తాయి. 75 ఏళ్లకు అది అర శాతం కన్నా తక్కువ. పోయిన కణం దాదాపు పోయినట్టే. అందుకే ఎన్ని పోయాయన్నదే కాక ఎలా పోయాయన్నదీ తెలియాలి. ఎలా పోయిందో తెలిస్తేనే ఆపగలమా లేదా అన్న ప్రశ్నకు అర్థం ఉంటుంది.

ఎన్ని పోయాయో చెప్పే పరీక్షలు ముందే వచ్చాయి. 1954లో న్యూయార్క్‌లో లడ్యూ, వ్రోబ్లెవ్‌స్కీ, కార్మెన్ గుండెపోటు వచ్చినవాళ్ల రక్తంలో ఒక ఎంజైమ్ పెరగడం చూశారు. తరవాత క్రియాటిన్ కైనేజ్ వచ్చింది. 1980ల చివర బర్మింగ్‌హామ్‌లో కమిన్స్, జర్మనీలో కాటుస్ ట్రోపోనిన్ పరీక్షలు తయారుచేశారు. ఈ రోజు ఛాతీనొప్పితో ఏ ఆసుపత్రికి వెళ్లినా రాసే ముఖ్యమైన రక్తపరీక్ష ఆ ట్రోపోనిన్ పరీక్షే. వీటన్నిటి సూత్రం ఒకటే: కణం పగిలితే లోపలి సరుకు రక్తంలోకి కారుతుంది, దాన్ని కొలవాలి. గుండె కణం చచ్చేది ఈ ఒక్క పద్ధతిలోనే, పొర చిట్లి నెక్రోసిస్‌తోనే అన్నది అప్పటి నమ్మకం. చూడటానికి ఉన్న సాధనం పగిలినదాన్నే చూపించేది కాబట్టి అందరికీ పగుళ్లే కనిపించాయి.

రెండో రకం చావును నిలకడగా చూసినవాడు జాన్ కెర్ అనే ఆస్ట్రేలియా పాథాలజిస్టు. 1960ల మొదట్లో లండన్‌లో పరిశోధన చేస్తూ, ఎలుకల కాలేయంలో ఒక భాగానికి వెళ్లే రక్తనాళాన్ని కట్టేసి ఏమవుతుందో చూశాడు. ఆ భాగం మెల్లగా కుంచించుకుపోయింది. సూక్ష్మదర్శినిలో కణాలు ఒక్కొక్కటిగా, ఇక్కడొకటి అక్కడొకటి, గుండ్రటి ముద్దలుగా ముడుచుకుని కనిపించాయి. వాపు లేదు. చీము కణాలు చేరలేదు. నెక్రోసిస్‌ను కూలిపోయిన ఇల్లనుకుంటే, ఇది పాత పెంకుటింటిని పెంకు పెంకూ, దూలం దూలం విప్పి పక్కింటివాళ్లు మోసుకుపోవడం లాంటిది. చచ్చిన కణం ముక్కలను ఇరుగుపొరుగు కణాలే మింగేస్తాయి. రక్తంలోకి ఏదీ కారదు. కాబట్టి రక్తపరీక్షకు ఇది చిక్కదు. కెర్ బ్రిస్బేన్‌కు తిరిగి వెళ్లి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఆ పని కొనసాగించాడు. తరవాత స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో ఆండ్రూ వైలీ, అలస్టెయిర్ కరీలతో కలిసి 1972లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో రాసిన వ్యాసంతో అపాప్టోసిస్ అన్న పేరు శాస్త్రంలోకి వచ్చింది. ఆ వ్యాసాన్ని పదిహేనేళ్లపాటు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. కంటికి ఆకారం తెలిసింది గానీ, దాన్ని నడిపేది ఏమిటో తెలియలేదు మరి.

ఆ నడిపేవి రెండు దూర తీరాల నుంచి వచ్చాయి. ఒకటి రక్తకణాల క్యాన్సర్. 1984లో ఫిలడెల్ఫియాలో యోషిహిదే సుజిమోటో, కార్లో క్రోచే ఒక రకం లింఫోమాలో క్రోమోజోములు తెగి అతుక్కున్న చోట బీసీఎల్-2 అనే జన్యువును పట్టుకున్నారు. అప్పటిదాకా తెలిసిన క్యాన్సర్ జన్యువులన్నీ కణాలను విభజించేవే. ఇదీ అలాంటిదే అనుకున్నారు. 1988లో మెల్బోర్న్‌లో డేవిడ్ వాక్స్ బృందం అసలు సంగతి బయటపెట్టింది. ఇది కణాన్ని విభజించదు, చావకుండా ఆపుతుంది. 1993లో స్టాన్లీ కోర్స్‌మేయర్ ప్రయోగశాల దానికి ఎదురు నిలిచే జతను కనిపెట్టింది. దాని పేరు బ్యాక్స్. ఇది చావువైపు తోసేది.

రెండో తీరం ఒక మిల్లీమీటరు పొడవున్న పురుగు. కేంబ్రిడ్జ్‌లో సిడ్నీ బ్రెన్నర్ ఎంచుకున్న సి. ఎలిగన్స్ అనే ఆ పురుగులో జాన్ సల్‌స్టన్ ప్రతి కణం పుట్టుకనూ వెంబడించి లెక్క రాశాడు. 1090 కణాలు పుడతాయి, వాటిలో సరిగ్గా 131 చస్తాయి. ప్రతి పురుగులోనూ అవే 131. రాబర్ట్ హోర్విట్జ్ ఆ చావుకు కావలసిన జన్యువులను వెతికాడు. 1993లో ఆయన శిష్యురాలు జున్యింగ్ యువాన్ చావు జన్యువుల్లో ఒకటైన సెడ్-3 మనుషుల్లోనూ ఉన్న ఒక కత్తెర ప్రోటీన్‌ను పోలి ఉందని చూపించింది. ఆ తరహా కత్తెరలకే తరవాత క్యాస్పేస్‌లని పేరు పెట్టారు. ఆఖరి నరుకుడు పని చేసేది క్యాస్పేస్-3. 2002లో బ్రెన్నర్, సల్‌స్టన్, హోర్విట్జ్‌లకు నోబెల్ వచ్చింది.

బ్యాక్స్‌కూ క్యాస్పేస్‌కూ మధ్య లంకె ఏమిటి? 1996లో అట్లాంటాలో షియావోడాంగ్ వాంగ్ ఆ లంకెను శుద్ధిచేసి చూస్తే అది సైటోక్రోమ్-సి. శాస్త్రలోకం నివ్వెరపోయింది. మైటోకాండ్రియాలో ఊపిరికి పనికొచ్చే ప్రోటీన్‌గా దశాబ్దాలుగా ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉన్నదది. అదే మైటోకాండ్రియా నుంచి బయటికి జారితే మరణశాసనం. గుండె కండరంలో మైటోకాండ్రియా కిక్కిరిసి ఉంటాయి. జీవరసాయన శాస్త్రవేత్తలు సైటోక్రోమ్-సి కావాలంటే ఎక్కువగా గుర్రం గుండె నుంచే తీసుకునేవారు. చావు సరంజామా ఇంత దండిగా ఉన్న అవయవం ఇన్నాళ్లూ దీనికి అతీతమని ఎలా అనుకున్నాం అన్న ప్రశ్న అప్పుడే గట్టిగా లేచింది.

పేర్లు తెలిస్తే చాలదు, గుండె ముక్కలో వాటిని చూడాలి. అందుకు దారి యాంటీబాడీలు. ఒక్కో యాంటీబాడీ ఒక్కో ప్రోటీన్‌నే గుర్తుపట్టి అంటుకుంటుంది. హార్వర్డ్‌లో ఆల్బర్ట్ కూన్స్ 1941లో యాంటీబాడీకి వెలిగే రసాయనాన్ని తగిలించి, న్యుమోనియా బ్యాక్టీరియా పదార్థాన్ని కంటికి కనిపించేలా చేశాడు. 1966లో నకానే, పియర్స్ వెలుగుకు బదులు పెరాక్సిడేజ్ ఎంజైమ్‌ను తగిలించారు. దాంతో ప్రోటీన్ ఉన్నచోట గోధుమరంగు మచ్చ పడుతుంది. మామూలు మైక్రోస్కోపే సరిపోతుంది.

ఇక్కడో పెద్ద అడ్డంకి ఉండేది. ఆసుపత్రుల్లో కణజాలాన్ని ఫార్మలిన్‌లో వేసి మైనంలో పోతపోసి దాస్తారు. ఫార్మలిన్ ప్రోటీన్లను ఒకదానికొకటి కుట్టేస్తుంది, యాంటీబాడీ పట్టుకోవలసిన చోటు మూసుకుపోతుంది. 1991లో షాన్-రోంగ్ షీ అనే శాస్త్రవేత్త అందరూ వద్దనే పని చేశాడు. పలచగా కోసిన ముక్కలున్న గాజు పలకలను ద్రావణంలో పెట్టి మైక్రోవేవ్ ఓవెన్‌లో మరిగించాడు. ఫార్మలిన్ వేసిన కుట్లు వేడికి ఊడతాయని 1940ల నాటి రసాయన శాస్త్ర వ్యాసాల్లో ఉంది. ఆయన వాటిని వెతికి చదివాడు. మరుగుతున్న ముక్కలోంచి, దశాబ్దాలుగా మూగబోయిన ప్రోటీన్లు మళ్లీ పలికాయి. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. ప్రపంచంలోని పాథాలజీ విభాగాల్లో బీరువాల్లో మూలుగుతున్న లక్షల మైనపు దిమ్మలు ఒక్కసారిగా పరిశోధనకు పనికొచ్చాయి. వాటిలో చనిపోయిన మనుషుల గుండెలూ ఉన్నాయి.

రెండో దారి వెస్టర్న్ బ్లాట్. 1970లో లెమ్లీ మెరుగుపరిచిన జెల్ పద్ధతిలో ప్రోటీన్లు బరువును బట్టి విడిపోతాయి. తేలికవి కిందికి, బరువైనవి పైన. 1979లో బాజెల్‌లో టోబిన్, స్టెహెలిన్, గోర్డన్ ఆ జెల్‌లోని ప్రోటీన్లను కరెంటుతో ఒక పొర మీదికి అద్ది, యాంటీబాడీతో గీతలుగా కనిపించేలా చేశారు. 1981లో సియాటిల్‌లో బర్నెట్ ఆ పద్ధతిని ఇవాళ మనం ఎరిగిన రూపానికి తెచ్చాడు. గుండె కణం కథకు ఇది చాలా ముఖ్యం. ఎందుకంటే క్యాస్పేస్-3 ప్రతి కణంలోనూ నిద్రపోతూ ఉంటుంది. అది ఉన్నంత మాత్రాన నేరం కాదు. నిద్రలో దాని బరువు 32 కిలోడాల్టన్లు. మేల్కొనడమంటే తెగడమే. తెగితే 17, 12 కిలోడాల్టన్ల ముక్కలవుతుంది. బ్లాట్ మీద 32 దగ్గర గీత పలచబడి 17 దగ్గర గీత లేచిందంటే కత్తెర లేచిందన్నమాట. తరవాత, తెగిన కొసను మాత్రమే గుర్తించే యాంటీబాడీలు కూడా వచ్చాయి.

గుండెలో మొదటి గట్టి ఆనవాలు 1994లో కుందేళ్లలో దొరికింది. కాలిఫోర్నియాలో రాబర్టా గోట్లీబ్, ఎంగ్లర్ బృందం కుందేలు గుండెకు రక్తం 30 నిమిషాలు ఆపి, మళ్లీ వదిలి 4 గంటలు ఉంచారు. డీఎన్‌ఏ అపాప్టోసిస్‌లో తెగేలాగే క్రమమైన ఎడంలో ముక్కలుగా తెగి, జెల్ మీద నిచ్చెన మెట్లలా కనిపించింది. ఇంకో గుంపు కుందేళ్లలో రక్తాన్ని నాలుగున్నర గంటలూ ఆపే ఉంచారు. ఆ నిచ్చెన కనిపించలేదు. రక్తం లేనప్పుడు కాదు, తిరిగి వచ్చినప్పుడే ఈ చావు! ఇదేం విడ్డూరం అనిపిస్తుంది.

దీనికి వివరణ ఇచ్చే పరిశోధనలు 1997లో జర్మనీ నుంచీ, జపాన్‌లోని ఒసాకాలో సుజిమోటో ప్రయోగశాల నుంచీ వచ్చాయి. బీసీఎల్-2ను కనిపెట్టిన సుజిమోటోయే ఈయన. అపాప్టోసిస్ ఒళ్లు వంచి చేయవలసిన పని, దానికి కణంలో ఏటీపీ అనే శక్తి ఉండాలి. సైటోక్రోమ్-సి బయటికొచ్చి క్యాస్పేస్‌లను లేపే యంత్రాన్ని బిగించడానికి కూడా ఏటీపీ లాంటి ఇంధనమే కావాలి. అది అడుగంటిన కణం పద్ధతి ప్రకారం చావలేక పగిలిపోతుంది. రక్తం తిరిగొస్తే శక్తి తిరిగొస్తుంది, దానితో పద్ధతి ప్రకారం చావగల శక్తీ వస్తుంది. ఈ ఏటీపీ దగ్గర మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు తలచుకోకుండా ముందుకు వెళ్లలేను. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు, 1929లో ఏటీపీని వేరుచేశారు. గుండెపోటు నిర్ధారణకు దశాబ్దాలపాటు వాడిన క్రియాటిన్ కైనేజ్ పరీక్ష కొలిచేది ఆ ఫాస్ఫోక్రియాటిన్ మీద పనిచేసే ఎంజైమ్‌నే. గుండె కణం ఏ దారిలో చావాలో తేల్చేది ఆ ఏటీపీయే. ఆయన పేరు మనం సాధారణంగా మందులతో కలిపి చెప్పుకుంటాం. ఏటీపీతోనూ కలిపి చెప్పుకోవాలి.

కుందేళ్ల తరవాత వచ్చిందే మొదట చెప్పిన గందరగోళం. జపాన్‌లోని గిఫు విశ్వవిద్యాలయంలో తకెమురా, ఫుజివారాల బృందం ట్యూనెల్ రంగు పట్టిన గుండె కణాలనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసింది. 1998లో కుందేలు గుండెపోటు ముక్కల్లో చూస్తే రంగు పట్టినవి చాలావరకు ఉబ్బి పగిలినవి. 1999లో మనుషుల జబ్బు గుండెల్లో చూస్తే రంగు పట్టినవి చావనే లేదు, డీఎన్‌ఏను బాగుచేసుకుంటున్న బతికున్న కణాలు. తెగిన డీఎన్‌ఏ ఎక్కడున్నా రంగు పడుతుంది. ఎందుకు తెగిందో దానికి తెలియదు.

నరూలా బృందం అదే ఏడాది ప్రోటీన్ల వైపు తిరిగింది. నాకు ఆ బృందం మీద గౌరవం పెరిగింది ఇందువల్లే. మార్పిడి కోసం తీసిన గుండెల్లో సైటోక్రోమ్-సి మైటోకాండ్రియా విడిచి బయటికి వచ్చి ఉంది, క్యాస్పేస్-3 తెగి ఉంది. అయినా కణకేంద్రకాలు చాలావాటిలో చెక్కుచెదరలేదు. అంటే చావు మొదలై, చివరిదాకా వెళ్లకుండా ఎక్కడో నిలిచిపోయింది. ఈ సగం దారి సంగతి డీఎన్‌ఏ పరీక్ష ఒక్కదానితో ఎప్పటికీ తెలిసేది కాదు. ఆగిన కణాన్ని వెనక్కి తేవచ్చేమోనన్న ఆశ అక్కడే పుట్టింది.

ఇంతకీ వెయ్యికి 2 అన్న చిన్న లెక్క అసలు లెక్కలోకి వస్తుందా? 2003లో న్యూయార్క్‌లో రిచర్డ్ కిట్సిస్ బృందం దీనికి జవాబు చెప్పింది. వాళ్లు ఎలుకల గుండె కణాల్లో క్యాస్పేస్-8 కొద్దికొద్దిగా పనిచేసేలా ఏర్పాటు చేశారు. లక్ష కేంద్రకాల్లో 23 మాత్రమే అపాప్టోసిస్‌లో ఉన్నాయి. మామూలు ఎలుకల్లో అది లక్షకు ఒకటి రెండు. ఆ 23 చాలు, కొన్ని నెలల్లో గుండె సాగి, పలచబడి, ఎలుకలు చనిపోయాయి. జబ్బు మనిషి గుండెలో కనిపించేది అంతకన్నా పలు రెట్లు ఎక్కువ. చిన్న సంఖ్యే, కానీ తిరిగి పుట్టని కణాల విషయంలో చిన్న సంఖ్య అంటూ ఉండదు.

గుండె ముక్కతో పనిచేసేవాళ్లకు దాని మాయలు తెలుసు. వయసు పైబడిన గుండె కణంలో కేంద్రకం పక్కనే లైపోఫసిన్ అనే పసుపు పదార్థం పేరుకుంటుంది. అది తనంతట తానే వెలుగుతుంది. వెలిగే యాంటీబాడీ వాడినవాళ్లు దాన్నే చావు గుర్తనుకునే ప్రమాదం ఉంది. మయోగ్లోబిన్ బరువు కూడా దాదాపు 17 కిలోడాల్టన్లే. గుండెలో అది కుప్పలుగా ఉంటుంది, తెగిన క్యాస్పేస్-3 గీత ఉండవలసిన చోటే కూర్చుంటుంది. ఇంకోటి, గుండె ముక్కలో కండరకణాలు మాత్రమే ఉండవు. రక్తనాళాల కణాలు, నారకణాలు, తెల్లకణాలు కూడా ఉంటాయి. ముక్కను నూరి బ్లాట్ చేస్తే బరువు తెలుస్తుంది గానీ చచ్చింది ఎవరో తెలియదు. రంగు వేసి చూస్తే ఎవరో తెలుస్తుంది, బరువు తెలియదు. రెండూ చెయ్యాల్సిందే.

పగిలి చావడానికీ ఒక పద్ధతి ఉందని తరవాత తేలింది. 2005లో జున్యింగ్ యువాన్, ఆ పురుగు జన్యువును మనుషుల కత్తెరతో కలిపిన ఆమే, పద్ధతి ప్రకారం జరిగే నెక్రోసిస్‌ను ఆపగల ఒక అణువును కనిపెట్టింది. ఆపై ఆ దారిలో రిప్-కె3, ఎంఎల్‌కేఎల్ అనే ప్రోటీన్లు తేలాయి. ఇప్పుడు గుండె ముక్కలో వాటినీ వెతుకుతున్నారు. అదే 2005లో సుజిమోటో బృందమూ, అమెరికాలో మోల్కెంటిన్ బృందమూ మైటోకాండ్రియాలోని సైక్లోఫిలిన్-డి లేని ఎలుకల్లో గుండెపోటు దెబ్బ తక్కువని చూపించాయి. ఆ ప్రోటీన్‌ను అడ్డుకునే సైక్లోస్పోరిన్ మందును దాదాపు వెయ్యి మంది రోగుల్లో పరీక్షించారు. 2015లో వచ్చిన ఫలితం నిరాశే, మందు ఇచ్చినా ఇవ్వకున్నా తేడా లేదు. ఒక ప్రోటీన్‌ను కనిపెట్టడానికీ, దాన్ని ఆపి మనిషిని కాపాడటానికీ మధ్య దూరం ఇంకా మిగిలే ఉంది.

మన విశ్వవిద్యాలయాల్లో, ఫార్మసీ కళాశాలల్లో ఎలుక గుండె మీద ఏదో ఒక ఆకు రసమో మందో పరీక్షించే విద్యార్థులకు నా మనవి ఒకటుంది. బ్యాక్స్ ఇంత, బీసీఎల్-2 ఇంత, నిష్పత్తి తగ్గింది కాబట్టి గుండెను కాపాడింది అని రాసి ఆగిపోకండి. మొదట చెప్పిన ఒలివెట్టి బృందం 1997 వ్యాసంలో చతికిలబడిన గుండెల్లో బీసీఎల్-2 తగ్గలేదు, పెరిగింది. కణం తనను కాపాడుకునే ప్రయత్నంలో ఉన్నప్పుడు కూడా ఆ గీత మారుతుంది. తెగిన క్యాస్పేస్-3ను చూపించండి, సైటోక్రోమ్-సి ఎక్కడుందో చూపించండి, రంగు పట్టింది కండరకణమేనని రుజువు చెయ్యండి, బ్లాట్‌ను కత్తిరించకుండా మొత్తం పెట్టండి. యాంటీబాడీ వెయ్యకుండా చేసిన పలకను కూడా పక్కనే పెట్టండి.